షిఫ్ట్ డ్యూటీ ఇంట్లో రెండు నెలల పొమెరేనియన్

ప్రశ్న: అక్కా, మాది బల్లార్షా. మా ఆయనకు బొగ్గు గనిలో ఉద్యోగం, వారానికో షిఫ్ట్. సెకండ్ షిఫ్ట్ అయితే ఇంటికొచ్చేసరికి రాత్రి పన్నెండున్నర. ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు, అత్తమ్మ ఉంటారు. నేను ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. బాబు పోరు పడలేక ఉగాది రోజు తెల్ల పొమెరేనియన్ పిల్లను తెచ్చుకున్నాం. రెండు నెలలది, బరువు 900 గ్రాములు. మా ఆయన లియో అంటారు, బాబు మోతీ అంటాడు, అత్తమ్మ చిన్నా అంటుంది. వచ్చి పది రోజులైంది, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. రాత్రి రెండింటి దాకా ఆడుతుంది, పడుకోబెడితే ఏడుస్తుంది. ఎక్కడపడితే అక్కడ పోస్తుంది. మొన్న తులసికోట దగ్గర పోసిందని అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, వాకిట్లో కట్టేయమంటోంది. సాయంత్రమైతే బాబు కాళ్లు పట్టుకుని కొరుకుతుంది. పాలు, బిస్కెట్లు పెడుతున్నాం, మోషన్స్ పల్చగా అవుతున్నాయి. ఫోన్‌లో చూసి టైమ్ టేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆయన షిఫ్ట్ మారగానే అదీ పోయింది. దీనికి ఒక పద్ధతి నేర్పేదెలా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ ఫ్రిజ్ మీద కాగితం తీసేయి. నువ్వు రాసింది తప్పని కాదు. ఆయన వారం వారం షిఫ్ట్ మారే ఇంట్లో గడియారం పట్టుకుని కుక్కపిల్లను పెంచడం కుదిరే పని కాదు. ఏడున్నరకీ ఎనిమిదిన్నరకీ తేడా దానికి తెలియదు. దేని తర్వాత ఏది వస్తుందో మాత్రం బాగా తెలుసు. నిద్ర లేస్తే బయటికి. వచ్చాక తిండి. తిన్న పది, పదిహేను నిమిషాలకు మళ్లీ బయటికి. కాసేపు ఆట. ఆట అయ్యాక ఇంకోసారి బయటికి, ఆపైన నిద్ర. రోజంతా ఈ చక్రమే తిరుగుతుంది. ఒకరోజు గంట ముందు మొదలైనా, గంట ఆలస్యమైనా ఫర్వాలేదు. వరస మాత్రం తప్పకూడదు. తిన్నాక ఒకసారి బయటికి, ఒకసారి ఒళ్లోకి, ఒకసారి సోఫా మీదికి వెళ్తుంటే అది ఏం నేర్చుకుంటుంది చెప్పు?

ఇప్పుడు ఆ పన్నెండున్నర సంగతి. మీ ఇంట్లో ఏం జరుగుతుంటుందో నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను. బండి ఆగిన చప్పుడుకే అది లేస్తుంది. ఆయన బూట్లు విప్పేలోపు లేసు పట్టుకుంటుంది. ఎనిమిది గంటలు గనిలో ఉండి వచ్చిన మనిషికి తోక ఊపుతూ ఎదురొచ్చే ప్రాణి కనపడితే ఎత్తుకోకుండా ఎలా ఉంటాడు? హాల్లో లైటు వేస్తారు, లియో లియో అంటారు, తను తినే దాంట్లోంచి ఒక ముక్క పెడతారు. దాని లెక్కలో తెల్లారినట్టే. రెండింటి దాకా ఆడక ఏం చేస్తుంది?

ఆయన రాక మీకు కష్టం కాదు, అదృష్టం. రెండు నెలల పిల్ల పగలు రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు అని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది, అదీ బాగా ఆపుకునేవాటికి. నిద్రలో ఇంకొంచెం ఎక్కువ ఆపుకుంటుంది కానీ తెల్లవార్లూ ఆపుకోవడం ఇప్పుడే దాని వల్ల కాదు. అంటే అర్ధరాత్రి ఎవరో ఒకరు లేచి తీరాలి. చాలా ఇళ్లలో అలారం పెట్టుకుని లేస్తారు, మీకు ఆ టైముకు మేలుకుని ఉన్న మనిషే ఉన్నాడు. ఆయనకు ఇలా చెప్పు: వచ్చాక హాల్లో పెద్ద లైటు వేయొద్దు. పేరు పెట్టి పిలవొద్దు. చేతుల్లోకి తీసుకుని నేరుగా పెరట్లో దాని చోటికి తీసుకెళ్లి దించాలి. పోసేదాకా నిలబడి, పోయగానే మెల్లగా శభాష్ అని, మళ్లీ దాని పడకలో పెట్టాలి. మొత్తం ఐదు నిమిషాలు. ముద్దులన్నీ పొద్దున. మొదటి రెండు మూడు రాత్రులు ఆయనకే కష్టంగా ఉంటుంది, దానికి కాదు. వేరే షిఫ్ట్ వారాల్లో ఆ ఒక్కసారి నువ్వు అలారం పెట్టుకో. నాలుగు నెలలు దాటేసరికి ఈ అర్ధరాత్రి పని దాదాపు పోతుంది.

ఏడుపు గురించి. పది రోజుల కిందటి దాకా అది తల్లి పొట్ట కింద, తోటి పిల్లల మధ్య పడుకుంది. ఇప్పుడు చీకట్లో ఒక్కతే. పండ్ల దుకాణంలో దొరికే గట్టి అట్టపెట్టె ఒకటి తెచ్చి, పాత దుప్పటి మడత వేసి, నీ మంచం పక్కనే నేల మీద పెట్టు. ఏడిస్తే చెయ్యి కిందికి వేలాడేసి దాని వీపు మీద ఉంచు. ఎత్తుకోవద్దు, మాట్లాడొద్దు. ఎప్పుడూ లేనిది హఠాత్తుగా కుయ్‌కుయ్‌మంటూ గిలగిల కొట్టుకుంటే మాత్రం బయటికి తీసుకెళ్లు, అది నిజంగా అర్జెంటే. వారం రోజుల్లో నీ చెయ్యి అవసరం ఉండదు.

అత్తమ్మ మాట విని వాకిట్లో మాత్రం కట్టేయకు. ఎండ, దోమలు, గోమార్లు ఒక ఎత్తు. మన చంద్రపూర్ జిల్లాలో చిరుత ఇంకో ఎత్తు. థర్మల్ పవర్ స్టేషన్ వైపు, గని కాలనీల అంచుల్లో పొదలు పెరిగిన చోట బిబట్యా (మరాఠీలో చిరుత) కనపడిందని మనం వింటూనే ఉంటాం కదా. చిరుతకు కుక్క ఇష్టమైన తిండి. గొలుసుతో కట్టిన కిలో బరువు పిల్ల దానికి కష్టం లేని భోజనం. ఈ ఒక్క మాట అత్తమ్మకు చెప్పి చూడు, మళ్లీ వాకిలి ఊసెత్తరు.

నిజానికి మీ ఇంట్లో షిఫ్ట్ లేని మనిషి అత్తమ్మ ఒక్కరే. తెల్లవారి ఐదింటికి లేచి కళ్లాపి చల్లడం ఏ వారమూ మారదు. ఆమెను ఒక్క సాయం అడుగు, అంతకు మించి అడగకు. తలుపు తీసినప్పుడు పిల్లను కూడా పెరట్లోకి దింపమను. తులసికోటకు వీలైనంత దూరంగా, నాలుగు ఇటుకలు అడ్డం పెట్టి, లోపల ఇసుకో మట్టో పోసి దాని చోటు తయారు చెయ్యి. ఇంట్లో పోసినప్పుడు తుడిచిన పాత గుడ్డ ఒకటి మొదటి రోజు అక్కడ పడెయ్యి, వాసనకు దానికే అర్థమవుతుంది. రోజూ అదే చోటు, అదే మాట. సూసూ అంటారో, ఇంకేమంటారో మీ ఇష్టం, అందరూ ఒకటే అనండి. పోసిన రెండు మూడు సెకన్లలోపే మెచ్చుకోవాలి. లోపలికి వచ్చాక మెచ్చుకుంటే, లోపలికి వచ్చినందుకు అనుకుంటుంది.

ఇంట్లో పోస్తే ముక్కు పట్టి రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం పాత పద్ధతి. దానివల్ల మీకు కనపడకుండా సోఫా వెనక పోయడం నేర్చుకుంటుంది, అంతే. తప్పు జరిగిన చోట వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే వాసన పోతుంది. ఫినాయిల్ తడి ఆరకముందే పిల్లను ఆ నేల మీద వదలకు, పాదాలు నాకుతుంది. చిన్న జాతులకు ఈ అలవాటు రావడానికి పెద్ద జాతుల కన్నా ఎక్కువ రోజులు పడుతుంది. ఆరు నెలల దాకా అప్పుడప్పుడూ తడి గుడ్డ పట్టుకోవాల్సి వస్తుందని ముందే అనుకో, టెన్షన్ ఉండదు.

తిండి దగ్గర నాకు కొంచెం కోపం వచ్చింది. పాలు, బిస్కెట్లు కుక్కపిల్ల భోజనం కాదు. తల్లి పాలు వేరు, మన గేదె పాలు, ప్యాకెట్ పాలు వేరు. చాలా పిల్లలకు అవి అరగవు. నీకు పల్చటి మోషన్స్ కనపడేది బహుశా అందుకే. పాలు ఈ రోజే ఆపు. పప్పీ ఫుడ్ కొంటే చిన్న జాతి పిల్లలదని రాసి ఉన్నది తీసుకో. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మెత్తబడ్డాక పెట్టు. రోజుకు ఎంత పెట్టాలో వయసు, బరువు ప్రకారం ప్యాకెట్ మీదే ఉంటుంది. దాన్ని నాలుగు భాగాలు చేసి కాస్త అటూఇటూగా పొద్దున ఆరుకు, పదకొండుకు, సాయంత్రం నాలుగుకు, రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య పెట్టు. ఇంటి తిండి కూడా కలపాలనుకుంటే ఉప్పు, కారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్, కొంచెం అన్నం, ఉడికిన గుడ్డు సరిపోతాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలు వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలే వద్దు. పాయసంలో కిస్‌మిస్ ఏరి దానికి పెట్టే ముద్దు పిల్లలు ఉంటారు, బాబుకు గట్టిగా చెప్పు.

నాలుగుసార్లు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, కిలో లోపు బరువున్న పిల్లల ఒంట్లో నిల్వ ఉండదు. ఎక్కువసేపు తినకుండా ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతుంది, వణుకుతుంది, మెత్తగా వాలిపోతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. అలా కనపడితే కొంచెం తేనో, చిక్కటి చక్కెర నీళ్లో వేలితో చిగుళ్లకు రాసి, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. నోట్లో పోయకు, పొలమారుతుంది. పాలు మానేసినా రెండు రోజుల్లో మోషన్స్ గట్టిపడకపోతే డాక్టరుకు చూపించు. వాంతులు, రక్తం, తిండి ముట్టకపోవడం వీటిలో ఏది తోడైనా ఆ రోజే వెళ్లాలి, రేపు అనుకోవద్దు. అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. ఇంత చిన్న ప్రాణి గంటల్లో నీరసించిపోతుంది.

పగలు నువ్వు మిషన్ మీద కూర్చున్నప్పుడు అది ఎక్కడుంటుందో రాయలేదు. నీ కాళ్ల దగ్గరే ఉంటుందని నా అనుమానం. తొక్కుడు పలక ఊగుతుంటే పాము పడగలా చూస్తూ, రాలిన దారప్పోగులు ఒక్కొక్కటే నములుతూ. గుండుసూదుల భయం నీకు ఎటూ ఉంటుంది. దారం అంతకన్నా చెడ్డది. మా కుక్క రోజీ ఒకసారి మల్లెదండ దారం మింగింది. మర్నాడు వెనక నుంచి జానెడు వేలాడుతుంటే లాగేద్దామని కూర్చున్నాను. అదృష్టం కొద్దీ ముందు డాక్టరుకు ఫోన్ చేశాను. లాగావంటే పేగు కోసుకుపోతుందని ఆయన ఫోన్‌లోనే అరిచాడు. అందుకని నీ మిషన్ ఉన్న గదిలోకి దానికి ప్రవేశం లేదు. గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు చెక్క పలక పెట్టు. అటువైపు నువ్వు కనపడుతుంటావు, ఇటువైపు దాని పడక, నమలడానికి ముడి వేసిన పాత గట్టి గుడ్డ. ఆ ముడి పోగులు పోతుంటే తీసేసి వేరేది వెయ్యి. కస్టమర్లు వచ్చినప్పుడు ఎత్తుకుని చూపించకు. రోజుకు ఆరుగురు వస్తే ఆరుసార్లు నిద్ర చెడుతుంది.

నిద్ర అంటే గుర్తొచ్చింది, ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. బాబు కాళ్లు కొరకడానికి అదే కారణం. బడి నుంచి రాగానే వాడు పరుగు, అది వెనక పరుగు, పక్కింటి పిల్లలు పిల్లూ పిల్లూ అంటూ చుట్టూ. రాత్రి ఏడయ్యేసరికి అలసిపోయిన పసిపిల్లలా మొండికేస్తుంది. పసిపిల్ల ఏడుస్తుంది, ఇది కొరుకుతుంది. ఆట పదిహేను నిమిషాలు చాలు. కొరకడం మొదలుపెడితే బాబు కాళ్లు కదపకుండా నిలబడిపోవాలి, బొమ్మ నోటికి అందించాలి. అప్పటికీ ఆగకపోతే తీసుకెళ్లి పడకలో పెట్టు. రెండు నిమిషాలు గింజుకుని మూడో నిమిషంలో పడిపోతుంది. బాబును ఊరికే దూరం పెట్టకు, వాడికి ఒక పని ఇవ్వు. సాయంత్రం నాలుగింటి గిన్నె వాడిది. నానబెట్టడం, కూర్చోమని చెప్పి, కూర్చున్నాక గిన్నె దించడం వాడే చేయాలి. వారంలో ఇద్దరికీ బుద్ధి వస్తుంది.

మంచం మీదికి, సోఫా మీదికి ఎక్కించి వదిలేయొద్దని కూడా వాడికి చెప్పు. అక్కణ్నించి దూకితే ఈ జాతికి మోకాలి చిప్ప తొలగే బాధ ఉంది. మెడకు పట్టీ కన్నా ఛాతీకి వేసే హార్నెస్ మంచిది, వీటి గాలిగొట్టం సున్నితం. అన్నట్టు, మన దగ్గర పొమెరేనియన్ అని అమ్మేవాటిలో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతివి. పెద్దయ్యాక ఐదారు కిలోలు అయితే మోసపోయామని బాధపడకు. మన ఎండలకు అదే మేలు.

ఎండ గురించి నీకు నేను చెప్పేదేముంది, మే నెలలో చంద్రపూర్ పేరు దేశమంతా టీవీలో వింటుంది. 45 డిగ్రీలు దాటిన రోజున ఈ బొచ్చుముద్ద పరిస్థితి ఆలోచించు. ఇంకో రెండు వారాల్లో మీ కూలర్ మొదలవుతుంది కదా. దాని ఎదురుగా తడిగాలిలో పడుకోబెట్టకు, పక్కకు, పొడి నేల మీద పెట్టు. కూలర్ వైరు అందకుండా చూడు. తొట్టిలో నిలవ నీళ్లు తాగనివ్వకు. మట్టి మూకుడులో నీళ్లు పోసి రోజుకు మూడుసార్లు మార్చు. పెరట్లోకి ఆరింటిలోపు, మళ్లీ పొద్దుగుంకాక ఎంతసేపైనా. మధ్యలో వెళ్లక తప్పనప్పుడు నీడలో రెండు నిమిషాలే. సిమెంటు నేల మీద నీ చెయ్యి వెనక భాగం ఆనించి ఏడు లెక్కపెట్టు. చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే. ఆగకుండా రొప్పుతూ, జిగట చొంగ కారుస్తూ తూలితే పొట్టకు, పాదాలకు మామూలు నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, డాక్టరుకు చూపించు. ఐసు నీళ్లు వద్దు.

బొచ్చు గొరిగిస్తే చల్లగా ఉంటుందని ఎవరో ఒకరు చెబుతారు. రోజీకి నేను ఆ తప్పు చేశాను. ఒక షాపులో మే నెలలో నున్నగా గొరిగించి తెచ్చాను. వీటికి రెండు పొరల బొచ్చు, పై పొర ఎండను ఆపుతుంది. అది పోయేసరికి వీపు కమిలింది. మళ్లీ వచ్చిన బొచ్చు చిరుగు దుప్పటిలా అతుకులు అతుకులుగా వచ్చి, రెండేళ్లకు గానీ సరికాలేదు. రోజూ ఐదు నిమిషాలు దువ్వితే చాలు. రాత్రి తిండికి ముందు దువ్వు, చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో అప్పుడే చూడొచ్చు. స్నానం నెలకు ఒకసారి, కుక్కల షాంపూతోనే.

టీకాల కార్డు ఇచ్చారా? ఇవ్వకపోతే ఏమీ వేయలేదనే అనుకో. మొదటిది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పడాలి. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు వచ్చేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకు. నులిపురుగుల మందు మూడు నెలల దాకా పదిహేను రోజులకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, మోతాదు డాక్టరే బరువు చూసి చెబుతారు. చివరి టీకా పడి రెండు వారాలు గడిచేదాకా రోడ్డు మీద దింపకు, వీధికుక్కలు తిరిగే చోట మట్టిలోనే పార్వో ఉంటుంది. అలాగని ఇంట్లో మూసిపెట్టకు. లోకం అలవాటయ్యే వయసు ఇదే, మూడు నాలుగు నెలలు దాటితే భయాలు గట్టిపడతాయి. సాయంత్రం ఎత్తుకుని స్టేషన్ వైపు తిప్పు, రైలు కూత వినిపించు, కూరగాయల బండి చూపించు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ (పేలుడు) కొట్టినప్పుడు కిటికీలు అదురుతాయి కదా, అప్పుడు ఎత్తుకుని అయ్యో అయ్యో అనకు. ఏమీ జరగనట్టు ఒక చికెన్ ముక్క దాని ముందు పడెయ్యి. నాలుగు రోజులకు బ్లాస్టింగ్ అంటే చికెన్ అనుకుంటుంది.

చివరగా ఆ మూడు పేర్ల సంగతి. ఈ ఆదివారం అందరూ కూర్చుని ఒక్క పేరు తేల్చుకోండి. నా ఓటు చిన్నాకే. తెల్లవారి ఐదింటికి తలుపు తీసేది ఆవిడే మరి.